సున్నా వచ్చినవాళ్ళు

మన్సూరాబాద్,
16 అక్టోబరు 2011, ఆదివారం.

అమ్మకు,

నీ చిన్న కూతురు బిందుమాధవి నమస్కరించి రాసేది. ఇక్కడ మీ అల్లుడు, భావన, నేను క్షేమం. అక్కడ నువ్వూ అన్నయ్యా వదినా పిల్లలూ క్షేమమే అనుకుంటున్నాను. మనుషులం క్షేమంగానే ఉన్నాం కాబట్టి ఆ మాట రాయడంలో అబద్ధం లేదు. మనసు సంగతి మాత్రం ఉత్తరం కిందికి వెళ్ళేకొద్దీ నీకే తెలుస్తుంది. చదవడం మధ్యలో ఆపి పొయ్యి దగ్గరికి వెళ్ళకు. చివరిదాకా చదువు.

నీ ఉత్తరం మొన్న గురువారం అందింది. ఫోన్లో మాట్లాడదామంటే నీ చెవులు వినిపించుకోవు, నేను అరిస్తే అన్నయ్య కొట్లో ఉన్న నాగపూర్ జనమంతా వింటారు. అందుకే మళ్ళీ కాగితమే శరణ్యం. నీ ప్రశ్నలకి ముందు జవాబులు రాసేస్తాను, లేకపోతే "అడిగింది చెప్పకుండా అడగనిది చెప్పింది" అంటావు.

సమ్మె ఇంకా నడుస్తూనే ఉంది. బస్సులు డిపోల్లోంచి కదలడం లేదు. భావనకి బడి లేదు, రోజంతా మేడ మీద జై తెలంగాణ ఆట ఆడుతోంది. బొగ్గు గనులవాళ్ళు కూడా సమ్మెలో ఉన్నారు కదా, అందుకని కరెంటు ఎప్పుడు పోతుందో ఎప్పుడొస్తుందో చెప్పలేం. మొన్న ఎల్బీ నగర్ చౌరస్తాలో నడి రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటా వార్పూ చేశారు. నేను ఆఫీసుకు నడిచి పోతుంటే ఒకావిడ ఆపి, "యాడికమ్మా ఎండల, జర తిని పో" అని విస్తరాకు చేతిలో పెట్టింది. తిన్నాను. ఉప్పు కొంచెం ఎక్కువైంది గానీ నీ చేతి పప్పుకన్నా బాగుందని రాస్తే కోపగిస్తావు కాబట్టి రాయడం లేదు.

"మనల్ని అక్కడ ఎవరూ ఏమీ అనడం లేదు కదా" అని అడిగావు. ఎవరూ ఏమీ అనలేదు. ఇంటి ఓనరు వెంకటనర్సయ్య గారు మాత్రం మెట్ల మీద ఎదురైనప్పుడల్లా ఆటపట్టిస్తారు. "మీ నాయ్నదేమొ సూర్యాపేట, మీ అమ్మదేమొ చీరాల. రాష్ట్రం ఒచ్చినంక నిన్ను యాడ కట్టెయ్యాలె బిడ్డా?" అంటారు. "కిరాయి ఇస్తున్నంత కాలం మీ ఇంట్లోనే కట్టేయండి" అన్నాను. పెద్దగా నవ్వారు. మంచి మనిషి. ఈ ఉత్తరం నీకు చేరుతున్నదీ ఆయన పుణ్యమే, ఆ సంగతి చివర్లో రాస్తాను.

ఇక నీ కడుపునొప్పి విషయం. పిత్తాశయంలో రాళ్ళు పెద్దవయ్యాయని, దీపావళి వెళ్ళాక ఆపరేషన్ అని రాశావు. వేయించిన గారెలు మానేశానని కూడా రాశావు. నువ్వు గారెలు మానేశావంటే నొప్పి నిజంగానే ఎక్కువై ఉంటుందని భయమేసింది. ఆపరేషన్ చేయించుకోవాల్సిందే, దానికి నేను అడ్డు చెప్పను.

కానీ నీ ఉత్తరంలో ఒక్క మాట పట్టుకుని మూడు రోజులుగా తిరుగుతున్నాను. దసరాకి ముందు అన్నయ్యకి ఫోన్ చేసి, అమ్మ రక్తపరీక్షలో మిషన్ పొరపాటు చేసింది, మత్తు డాక్టరుకి ఆ సంగతి చెప్పమని చెప్పాను కదా. దానికి నువ్వేం రాశావో గుర్తుందా? "మత్తు డాక్టరు నన్ను అడిగాడు. మా అమ్మాయి ఇదే చదువు చదివింది, నా రక్తం చూసి ఏమీ లేదంది అని చెప్పాను. ఆయన సంతోషించాడు. ఇప్పుడు మిషన్ ఇంకేదో చెప్పిందని నీ మాట కాదంటానా? మిషన్ కన్నా నా కూతురి మాటే నాకు గురి. అన్నయ్య చేత కూడా ఒట్టు వేయించుకున్నాను, వాడు నోరెత్తడు."

అది చదివి నేను ఎంత ఏడ్చానో నీకు తెలియదు. మీ అల్లుడు కంగారుపడి మంచినీళ్ళు తెచ్చారు.

ఆ మత్తు సంగతి నీకు సరిగ్గా అర్థమయ్యేలా నేనెప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను. ఆపరేషన్‌కి ముందు గొంతులోకి గొట్టం వేయడానికి ఒక ఇంజెక్షన్ ఇస్తారు. దాంతో ఒళ్ళంతా సడలిపోతుంది, ఊపిరి కూడా ఆగుతుంది. అందరికీ అయిదారు నిమిషాల్లో దాని పట్టు వదిలిపోతుంది, ఎందుకంటే రక్తంలో ఉండే ఒక పదార్థం ఆ మందుని విరిచేస్తుంది. మన వైశ్యుల్లో కొందరికి ఆ పదార్థం తక్కువగా ఉంటుంది, కొందరికి అసలు ఉండదు. అది జబ్బు కాదు. బతికినన్నాళ్ళూ తెలియను కూడా తెలియదు. ఆ ఇంజెక్షన్ పడినప్పుడే తెలుస్తుంది, గంటల తరబడి ఊపిరి తిరిగి రాదు. ముందే తెలిస్తే డాక్టరు వేరే మందు వాడతాడు, ఏ ప్రమాదమూ ఉండదు. చెప్పడం ఒక్కటే వైద్యం.

మొన్న వైశాఖంలో వాసవీ జయంతికి నువ్వు ఇక్కడ ఉన్నప్పుడు, దిల్‌సుఖ్‌నగర్ సంఘం హాల్లో మా పరిశోధన కేంద్రం వాళ్ళం రక్తం తీసుకున్నది ఇందుకే. నీ వెనకాల వరసలో మూసారాంబాగ్ శేషారత్నం గారు నిలబడ్డారు, గుర్తుంది కదా. ఇద్దరూ గోత్రాలు అడిగి వరస కలిపేసుకుని, రక్తం ఇచ్చేలోపే "వదినగారూ" అనుకున్నారు. నీ గొట్టం మీద చీటీ నేనే అంటించాను, ఆ తర్వాతి అంకె ఆవిడది.

నా పని ఏంటో నీకు ఎన్నిసార్లు చెప్పినా "కంప్యూటర్లో రక్తం చూస్తుంది" అని అందరికీ చెబుతావు. నేను రక్తం ముట్టుకోను అమ్మా. రక్తం గురించి రకరకాల చోట్ల రాసిపెట్టిన వివరాలన్నీ ఒకచోట చేర్చి, వాటిని ప్రశ్నలు అడుగుతాను. సూర్యాపేట వైపు శిబిరంలో రాసినవి కొన్ని, చీరాల వైపు రాసినవి కొన్ని, దిల్‌సుఖ్‌నగర్‌వి కొన్ని. వీటికి తోడు ప్రపంచంలో ఎవరెవరో చదివి భద్రపరిచిన జన్యువుల వివరాలు. ఒక్కచోట రాసినట్టు ఇంకోచోట ఉండదు. ఒకళ్ళు వయసు రాస్తారు, ఒకళ్ళు పుట్టిన సంవత్సరం రాస్తారు. నన్ను ఇంట్లో బిందు, బళ్ళో మాధవి అన్నట్టు, ఒకే జన్యువుకి రెండు పేర్లుంటాయి. నాన్నగారు పక్క ఊళ్ళో మూతపడిన కొట్టు సరుకు కొన్నప్పుడు, వాళ్ళు మానికల్లో రాసుకున్నదంతా కిలోల్లోకి మార్చుకోలేక నెల్లాళ్ళు అవస్థ పడ్డారు చూడు, నాకు రోజూ అదే అవస్థ. అవన్నీ సరిచేయకుండా కలిపితే వచ్చే జవాబు చూడ్డానికి చక్కగానే ఉంటుంది, నమ్మితే మాత్రం కొంప మునుగుతుంది.

ఇంతవరకూ నువ్వు తలూపుతూ చదివి ఉంటావు. ఇక రాయడం నాకు కష్టంగా ఉంది.

చీరాల వైపు వాళ్ళకి ఒక అలవాటు ఉంది. గొట్టం పగిలినా, రక్తం చాలకపోయినా, పరీక్ష చేయలేకపోయినా ఆ గడిలో సున్నా వేస్తారు. దిల్‌సుఖ్‌నగర్‌లో అలా కాదు. పరీక్ష చేయకపోతే గడి ఖాళీగా వదిలేస్తారు. సున్నా ఉందంటే పరీక్ష చేశారు, ఆ పదార్థం ఏమీ కనిపించలేదు అని అర్థం. నేను ముందు చీరాల వివరాలు సర్దాను. సున్నాలన్నీ చేయని పరీక్షలు కదా అని, సున్నా ఉన్నవాళ్ళని తీసెయ్యమని ఒక వాక్యం రాశాను. తర్వాత దిల్‌సుఖ్‌నగర్ వివరాలు కలిపినప్పుడు కూడా ఆ వాక్యాన్ని అలాగే ఉంచాను. అనుమానం రాలేదా అంటే, రాలేదు. ప్రాణమున్న మనిషి రక్తంలో ఏదైనా సున్నా ఎలా అవుతుంది అనుకున్నాను. అంత చదువూ చదివి అలా అనుకున్నాను.

ఆ తర్వాత "తక్కువ ఉన్నవాళ్ళెవరు" అని కంప్యూటర్ని అడిగాను. కొన్ని అంకెలు ఇచ్చింది. వాళ్ళ పేర్లు మా పెద్దాయన గంగాధరరావు గారి దగ్గర మాత్రమే ఉంటాయి. ఆయన వాళ్ళకి కబురు పంపారు. కబురు రానివాళ్ళకి ఏ ఇబ్బందీ లేదని సంఘం హాల్లో చెప్పించాం. నీ అంకె నాకు తెలుసు కాబట్టి ఆశగా చూశాను. తక్కువ ఉన్నవాళ్ళలో నువ్వు లేవు. వెంటనే నీకు చెప్పాను, "ఏమీ లేదమ్మా" అని. నువ్వు ఆ పూట పాయసం వండావు.

సరిగ్గా ఉన్నవాళ్ళలో ఉన్నావా అని మాత్రం నేను అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే, నువ్వు అందులోనూ లేవని తెలిసేది. నువ్వు ఎక్కడా లేవు అమ్మా. అందరికన్నా ఎక్కువ ప్రమాదం ఉన్నవాళ్ళని నేనే ముందు ఏరి బయటపడేశాను.

ఈ సంగతి నాకెలా తెలిసిందో నీకు చెప్పలేదు. చెప్పకుండా దాచాను.

దసరాకి పది రోజుల ముందు శేషారత్నం గారికి ఒక నర్సింగ్ హోమ్‌లో ఆపరేషన్ చేశారు. మత్తు డాక్టరు అడిగితే "మా సంఘంలో చూశారండీ, నాకు కబురు రాలేదు, అంటే ఏమీ లేదన్నమాట" అని చెప్పారట. నీలాగే. ఆపరేషన్ అయిపోయింది గానీ ఆవిడకి ఊపిరి రాలేదు. మిషన్ మీద పెట్టారు. మధ్యలో కరెంటు పోయింది, జనరేటర్ అందుకోలేదు. ఊపిరి కోసం చేత్తో పిండే సంచీ ఉంటుంది, ఆవిడ కొడుకు గౌతమ్, నర్సు వంతులేసుకుని దాన్ని పిండుతూ కూర్చున్నారు. సాయంత్రానికి గానీ ఆవిడ కదల్లేదు. బతికారు, ఇప్పుడు ఇంట్లోనే ఉన్నారు. నువ్వు కంగారుపడకు.

సంఘంవాళ్ళు వచ్చి "మీరు ఏమీ లేదన్నారు కదా" అని అడిగినప్పుడు నేను వెనక్కి వెళ్ళి అన్నీ తిరగతోడాను. తీసేసినవాళ్ళలో ఆవిడ అంకె దొరికింది. దాని ముందు అంకె నీది. రెండింటి ఎదురుగా సున్నా.

గంగాధరరావు గారికి చెప్పాను. ఆయన "ముందు మిగిలినవాళ్ళందరికీ చెబుదాం. నీ సంగతి, నా సంగతి తర్వాత చూసుకుందాం" అన్నారు. బస్సుల్లేవు కదా, ఆయన తన స్కూటర్ మీద, మేము నడిచీ, ఆటోల్లోనూ తుర్కయంజాల్ దాకా ప్రతి ఇంటికీ వెళ్ళి చెప్పి వచ్చాం. అందరూ ఎందుకిలా జరిగిందని అడిగారు. మేము "మిషన్ పొరపాటు" అన్నాం. ఆ మాట ముందు అన్నది నేనే. ఆయన నా వైపు చూశారు గానీ కాదనలేదు. అన్నయ్యకి ఫోన్లో చెప్పింది కూడా అదే. అంతమంది వింటుండగా నీ కూతురు తప్పు చేసిందని చెప్పడానికి నోరు రాలేదు. మిషన్‌కి పరువు లేదు కదా, దాని మీదికి తోసేశాను.

ఆ అబద్ధం ఇప్పుడు నీ ప్రాణం మీదికి వచ్చింది. మిషన్ తప్పు, కూతురు ఒప్పు అనుకుని నువ్వు ఆపరేషన్ బల్ల ఎక్కబోతున్నావు.

మీ ఆసుపత్రికి నేను ఫోన్ చేయకుండా ఊరుకోలేదు. అక్కడి అమ్మాయి హిందీలో, పేషెంటే కాగితం తెచ్చి చూపించాలి, ఫోన్లో ఎవరేం చెప్పినా రాసుకోం అంది. నేనే బయలుదేరదామంటే నిన్నటినుంచి రైళ్ళు ఆపేశారు.

నిన్న పొద్దున్నే మూసారాంబాగ్ వెళ్ళాను. అంతకుముందు, ఎందుకిలా అయిందని అడిగితే ఏం చెప్పాలో తెలియక ఆవిడ ఎదుటికి వెళ్ళలేదు. శేషారత్నం గారు మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. చాలా చిక్కిపోయారు. నన్ను చూసి, "రా అమ్మా, ఈ సమ్మెలో ఎలా వచ్చావు, నడిచేనా?" అన్నారు. అవునని తలూపాను. ఆవిడే చెప్పుకొచ్చారు.

"అందరూ నాకు స్పృహ లేదనుకున్నారు. అన్నీ వినపడుతున్నాయమ్మా. మా గౌతమ్ ఏడుస్తున్నాడు. నేను బతికే ఉన్నానురా నాన్నా అందామంటే పెదవి కదలదు, రెప్ప లేవదు. వాడు సంచీ పిండితే నాకు ఊపిరి, ఆపితే లేదు. వాడి చేతులు నొప్పెడుతున్నాయని తెలుస్తోంది. కాసేపు ఆపి దులుపుకోరా అనుకున్నాను, మళ్ళీ ఆపొద్దు ఆపొద్దు అనుకున్నాను."

అప్పుడు చెప్పేశాను. అంతా చెప్పాను, నీకు పైన రాసినట్టే.

గౌతమ్ గుమ్మంలో నిలబడి విన్నాడు. "మిషన్ తప్పని చెప్పారే అందరూ?" అన్నాడు. "మిషన్ సరిగానే చెప్పింది. దాని మాట నేను తీసి పారేశాను" అన్నాను. అతని ముఖం ఎర్రగా అయిపోయింది. "మీరు దయచేసి వెళ్ళిపోండి. మా అమ్మ ముందు ఇంకొక్క మాట మాట్లాడొద్దు" అన్నాడు. లేచాను. అతను అన్నదాంట్లో తప్పేముంది? నాకు అలాంటిది జరిగితే నేను అంత మర్యాదగా కూడా చెప్పను.

"నువ్వుండరా" అన్నారావిడ. నన్ను కూర్చోమనలేదు. క్షమించానని కూడా అనలేదు. "నా ముందర నిలబడింది కదా మీ అమ్మగారు. ఆవిడకీ సున్నానేనా?" అని అడిగారు.

అవునన్నాను.

"ఆవిడకి చెప్పావా?"

"చెప్పానండీ. దీపావళి వెళ్ళాక ఆపరేషన్. కానీ మిషన్ పొరపాటని చెప్పాను. ఆవిడ నమ్మడం లేదు."

"ఎలా నమ్ముతుందమ్మా? కన్నది నిన్ను గానీ మిషన్‌ని కాదు కదా" అన్నారు. "ఇప్పుడు నాకెలా చెప్పావో ఆవిడకీ అలాగే చెప్పు. నాకేం జరిగిందో కూడా చెప్పు. వదినగారు చెప్పమందని చెప్పు."

అందుకే ఇదంతా రాశాను. లేకపోతే ఇంకో నాలుగు రోజులు ఏదో ఒక అబద్ధం వెతుక్కుని ఉండేదాన్నేమో. నా మీద నాకే నమ్మకం లేకుండా పోయింది.

తాతయ్య అమ్మమ్మకి స్వయానా మేనమామ కదా. ఆ గుణం ఇద్దరి వైపు నుంచీ నీకు వచ్చి ఉంటుంది. నేనూ పరీక్ష చేయించుకున్నాను, నాకు సగమే ఉంది. ఆ సగం తక్కువ నీ నుంచి వచ్చిందే, అన్నయ్యకీ వచ్చి ఉంటుంది, వాడినీ చూపించుకోమను. సూర్యాపేట వివరాల్లోనూ ఉంది, చీరాల వివరాల్లోనూ ఉంది. ఇందులో మాత్రం రెండు వైపులవాళ్ళం ఒకటేనని వెంకటనర్సయ్య గారికి చెప్పాలి.

ఈ ఉత్తరం రాయడానికి కూర్చునే ముందు ఆయన నా ముఖం చూసి ఆగారు. "ఏందమ్మా గట్లున్నవ్? అమ్మకు మంచిగ లేదా?" అన్నారు. ఆపరేషన్ సంగతి చెప్పాను. "రైళ్ళు బంద్ జేసినం గని, అమ్మకు రాసే చిట్టీ బంద్ జేస్తమా? మా అల్లుడు రేపు కొత్తపేట మార్కెట్ల బత్తాయి లోడు ఏస్కోని నాగపూర్ పోతుండు. ఇయ్యి, ఆమె చేతిలనే వెట్టి ఒస్తడు" అన్నారు. అతనికి కాసిని మంచినీళ్ళూ భోజనమూ పెట్టు. ఉద్యమంలో ఏ వైపని అడగకు.

దీనితో పాటు డాక్టరుకి ఇంగ్లీషులో ఒక కాగితం పెట్టాను. ఆ రక్తపరీక్ష నాగపూర్‌లో కూడా చేస్తారు, ముందు అది చేయించుకో. గంగాధరరావు గారు పైవాళ్ళకి జరిగింది జరిగినట్టు రాసిస్తానన్నారు. నా పేరు కూడా రాయమన్నాను. ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలియదు. పోతే పోయింది, దాని గురించి నువ్వు బెంగ పెట్టుకోవద్దు, వదినతో గొడవ పెట్టుకోవద్దు.

నా చదువు పరువు కాపాడాలని నువ్వు డాక్టరు దగ్గర నోరు మూసుకుంటావని నాకు తెలుసు. నీ సంగతి నాకు తెలియదా? బళ్ళో నేను లెక్క తప్పు చేసి ఏడుస్తూ వస్తే, మాస్టారిదే తప్పని వాళ్ళింటికి వెళ్ళి పోట్లాడావు. ఈసారి నన్ను వెనకేసుకు రావద్దు అమ్మా. కాళ్ళు పట్టుకుంటాను. అన్నయ్య ఒట్టు విడిపించు. ఈ ఉత్తరం అందిన మర్నాడే ఆ డాక్టరు దగ్గరికి వెళ్ళి, అందరూ వింటున్నా సరే, నీ గొంతుతో గట్టిగా చెప్పు: "మా అమ్మాయి తప్పు చెప్పింది" అని.

ఇట్లు,
నీకు తప్పు చెప్పిన కూతురు,
బిందు.